మళ్లీ ఎగిరిన నౌక అదేనా

భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఆహారం, నీరు, ప్రాణవాయువు, విడిభాగాలు, ప్రయోగ సామగ్రి చేరవేసే సరకు నౌకల్లో ఎక్కువ వాటికి తిరుగు ప్రయాణం లేదు. తెచ్చిన సరకు దించి, కేంద్రంలో పోగుపడిన చెత్తను నింపుకొని, వాతావరణంలో కాలిపోవడంతో వాటి పని ముగుస్తుంది. అమెరికాలోని స్పేస్‌ఎక్స్ సంస్థ నిర్మించిన డ్రాగన్ నౌక ఇందుకు భిన్నంగా సరకుతో వెళ్లి, సరకుతోనే తిరిగివచ్చి, పారాచూట్ల సాయంతో సముద్రంలో దిగుతుంది. సీ106 అనే క్రమసంఖ్య గల డ్రాగన్ 2014 సెప్టెంబరులో కేంద్రానికి వెళ్లి, అక్టోబరులో పసిఫిక్ మహాసముద్రంలో దిగి, బాగుచేతల అనంతరం 2017 జూన్ 3న ఫ్లోరిడా నుంచి మళ్లీ అదే కేంద్రానికి బయలుదేరింది. 2019 డిసెంబరులో మూడవసారి కూడా బయలుదేరింది.

ఆ రెండవ ప్రయాణం గురించి చెప్పినవారందరూ వెళ్లినది అదే నౌక అన్నారు, విన్నవారెవరూ సందేహించలేదు. అయితే నిప్పులోంచి వచ్చి, ఉప్పునీట మునిగి, కొన్ని భాగాలు పోగొట్టుకొని, మరికొన్ని కొత్తవి అమర్చుకొన్న వస్తువును "అదే" అనడానికి ప్రమాణం ఏమిటన్న ప్రశ్న చిన్నది కాదు. భారతీయ దర్శనాలు కుండను, వస్త్రాన్ని, రథాన్ని, దీపాన్ని, చివరకు మనిషి శరీరాన్ని ఎదుట పెట్టుకొని రెండు వేల సంవత్సరాలకు పైగా ఈ ప్రశ్ననే చర్చించాయి. ఆ చర్చ వస్తువుల కోసం పుట్టినది కాదు; చేసినవాడు ఒకడు, అనుభవించేవాడు మరొకడు అయితే ధర్మం ఎలా నిలుస్తుందన్న ఆందోళన దాని వెనుక ఉన్నది. మళ్లీ ఎగిరే నౌక ఆ ఆందోళనను కొత్తగా ముందుకు తెస్తుంది, ఎందుకంటే ఇక్కడ "అదే" అన్న మాటను ఎంత బాధ్యతతో పలికారన్న దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ముందుగా వస్తువును దగ్గరగా చూడవలసి ఉన్నది. కక్ష్యలో గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరిగే నౌక తన చిన్న ఇంజన్లను ఎదురుదిశలో మండించి వేగం తగ్గించుకొని వాతావరణంలోకి ప్రవేశించినప్పుడు, దాని ముందున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలను దాటిపోతుంది. ఆ వేడిని ఎదుర్కొనేది అడుగున ఉండే ఉష్ణకవచం. అది కర్బన పీచుకు ప్రత్యేకమైన రెసిన్ పట్టించి తయారుచేసిన పదార్థం. పైపొర మాడి, పొడిగా రాలి, ఆ రాలడంలోనే వేడిని తనతో తీసుకుపోతుంది. తాను తరుగుతూ లోపలిదాన్ని కాపాడటమే దాని పని కనుక, ఒక ప్రయాణం చేసిన కవచం మునుపటి కవచంగా మిగలదు. నౌకకు వెనుక గొట్టం ఆకారంలో ఉండే ట్రంక్ అనే భాగం, సౌరఫలకాలతో సహా, వాతావరణ ప్రవేశానికి ముందే విడిపోయి కాలిపోతుంది. ప్రతి ప్రయాణానికీ కొత్త ట్రంక్ కావాలి. సీ106 రెండవసారి వెళ్లినప్పుడు దాని లోహపు తొట్టి, థ్రస్టర్లు అనే చిన్న ఇంజన్లు, ఇంధన ట్యాంకులు, తీగల అల్లిక, ఎలక్ట్రానిక్ పెట్టెల్లో కొన్ని పాతవే. ఉష్ణకవచం, బ్యాటరీలు, సముద్రపు నీరు సోకిన భాగాలు కొత్తవి. ఇంత తెలిసిన తరువాత పాత నౌక, కొత్త నౌక అనే రెండు మాటల్లో ఏది వాడినా కొంత నిజమూ కొంత అతిశయోక్తీ కలిసే ఉంటాయి.

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ఈ చిక్కు థీసియస్ నౌక పేరుతో ప్రసిద్ధం. థీసియస్ వీరుడు క్రీట్ ద్వీపం నుంచి తిరిగివచ్చిన నౌకను ఏథెన్సు ప్రజలు తరతరాలుగా భద్రపరిచారనీ, పుచ్చిన పలకను తీసి కొత్త పలక వేస్తూ వచ్చారనీ, అది అదే నౌకా కాదా అని తాత్త్వికులు వాదించుకొన్నారనీ ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పాత పలకలన్నిటినీ ఎవరైనా దాచి, వాటితో మరో నౌక కడితే రెండింటిలో ఏది అసలైనదని 17వ శతాబ్దంలో హాబ్స్ అడిగాడు. ఈ ఉదాహరణలో తార్కికమైన పదును ఉన్నది గాని ఒక లోటూ ఉన్నది. ఏథెన్సు నౌకను జ్ఞాపకచిహ్నంగానే కాపాడారు. ఏది అసలైనదన్న వివాదంలో ఎవరు గెలిచినా ఏ పలకా ఎక్కువ బరువు మోయవలసిన అవసరం లేదు. కక్ష్యకు వెళ్లి రావలసిన నౌక విషయంలో గతం ఒక స్మృతిగా మాత్రమే ఉండదు. అది లోహంలో, అతుకుల్లో, కవాటాల్లో ఉంటుంది.

న్యాయవైశేషికుల చర్చ ఈ లోటును కొంత పూడుస్తుంది. వారి సిద్ధాంతం ప్రకారం వస్తువు తన భాగాల మొత్తం కాదు. భాగాలు అవయవాలు, వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో నిలిచే మరొక ద్రవ్యం అవయవి. దారాలు అవయవాలైతే వస్త్రం అవయవి. ఒక దారాన్ని లాగేస్తే పాత వస్త్రం నశించి, మిగిలిన దారాలలో ఖండపటమనే మరో వస్త్రం పుడుతుందని వారు నిర్మొహమాటంగా అంగీకరించారు. "ఇది అదే వస్త్రం" అన్న గుర్తింపును, అంటే ప్రత్యభిజ్ఞను, అటువంటి చోట్ల పోలిక వలన కలిగినదిగా వివరించారు. ఈ లెక్కన సీ106 ట్రంకు విడిపోయిన క్షణంలోనే నశించింది. కొత్త కవచం బిగించిన నాడు మరో ద్రవ్యం పుట్టింది. ఈ కఠినత్వాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు, ఎందుకంటే పోలికను చూసి ఏకత్వమని పొరబడే అలవాటుకు ఇది గట్టి హెచ్చరిక.

అగ్ని విషయంలో మాత్రం న్యాయ, వైశేషిక శాఖల దారులు వేరయ్యాయి. పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడినప్పుడు జరిగేదేమిటన్నది వివాదం. వేడికి కుండ పరమాణువుల దాకా విడిపోయి, పరమాణువుల్లోనే రంగు మారి, అవి తిరిగి కలిసి కొత్త కుండ పుడుతుందనీ, ఇదంతా కంటికి అందనంత వేగంగా జరగడం వలన అదే కుండ అని లోకం భ్రమిస్తుందనీ వైశేషికులు అన్నారు. దీన్ని పీలుపాకవాదం అంటారు, పీలువు అంటే పరమాణువు. కుండ కుండగానే ఉండి రంగు మార్చుకుంటుందని నైయాయికులు అన్నారు. అది పిఠరపాకవాదం, పిఠరం అంటే కుండ. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహానికి తానే రాసుకొన్న దీపికా వ్యాఖ్యలో ఈ రెండు పక్షాలనూ సంక్షిప్తంగా ఎదురెదురు నిలిపాడు. తెలుగునాట సంస్కృత పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టిన విద్యార్థులకు తరాలుగా ఈ చర్చ పరిచయమైనది ఆ చిన్న గ్రంథం ద్వారానే.

నైయాయికులు చూపిన సాక్ష్యాల్లో ఒకటి ఇక్కడ బాగా పనికివస్తుంది. ఆవంలో కుండలను ఒకదానిపై ఒకటి పేరుస్తారు. కింది కుండ నడుమ ఒక్క క్షణమైనా పరమాణువులుగా విడిపోయి ఉంటే పైకుండ పడిపోవాలి, కాని పడదు. కాబట్టి కింది కుండ మోస్తూనే ఉన్నది. ఈ వాదంలోని బలం దాని సూక్ష్మతలో కన్నా అది ఎంచుకొన్న కొలబద్దలో ఉన్నది. రంగు మారిందా, పరమాణువులు మారాయా అన్నది పక్కన పెట్టి, మోయవలసిన బరువును ఎడతెగకుండా మోసిందా అని అది అడుగుతుంది. వాతావరణ ప్రవేశ సమయంలో డ్రాగన్ బయట కవచం మాడుతున్నంతసేపూ లోపలి తొట్టి గాలి పీడనాన్ని నిలుపుతూనే ఉంటుంది, శీతల పెట్టెల్లోని రక్త నమూనాలు, జీవకణాలు చెడకుండా ఉంటాయి. కేంద్రం నుంచి పెద్ద మొత్తంలో సామగ్రిని చెక్కుచెదరకుండా భూమికి తేగల సరకు నౌకగా డ్రాగన్‌కు విలువ వచ్చింది అందుకే. కనుక ఒక ప్రయాణం లోపల, కక్ష్య నుంచి సముద్రం దాకా, వచ్చినది బయలుదేరినదే అని చెప్పడానికి పిఠరపాకవాదం చాలు. రెండు ప్రయాణాల నడుమ కర్మాగారంలో భాగాలు విప్పి, కడిగి, మార్చి, బిగించిన కాలానికి అది చాలదు. అప్పుడు నౌక దేన్నీ మోయడం లేదు.

ఈ రెండవ దశకు బౌద్ధుల సమాధానం మరింత దగ్గరగా వస్తుంది. పాలీ గ్రంథమైన మిలిందపన్హలో నాగసేనుడు యవనరాజు మిలిందునితో చేసిన సంవాదంలో రథం ఉదాహరణ అందరికీ తెలిసినది: ఇరుసు రథం కాదు, చక్రం కాదు, నొగ కాదు, వీటన్నిటికీ వేరుగా రథమంటూ మరొకటి కూడా లేదు, భాగాల కూర్పును ఆధారంగా చేసుకొని వ్యవహారం కోసం పెట్టిన పేరు రథం. ఇంతవరకే చదివి ఆగిపోయేవారు బౌద్ధం ఏకత్వాన్ని పూర్తిగా కాదన్నదని అనుకుంటారు. అదే గ్రంథంలో రాత్రంతా వెలిగిన దీపం గురించిన ప్రశ్న ఉన్నది. మొదటి జాములోని జ్వాల, నడిజాములోని జ్వాల, చివరి జాములోని జ్వాల ఒకటే కావు, అలాగని మూడు దీపాలూ కావు. ముందరి దానిని ఆశ్రయించి తరువాతిది పుట్టే ఎడతెగని వరుస అది. ఆ వరుసకు బౌద్ధులు పెట్టిన పేరు సంతానం, అంటే ప్రవాహం.

ఆ సంవాదంలో అంతగా ప్రచారం పొందని మరో ఉదాహరణ ఈ చర్చకు కీలకం. ఒకడు మరొకడి తోటలో మామిడిపళ్లు దొంగిలించి, "ఇతడు నాటినవి వేరే పళ్లు, నేను తీసుకొన్నవి వేరే పళ్లు, కనుక నాది తప్పు కాదు" అంటే రాజు వదిలిపెడతాడా? నాటిన టెంకా కోసిన పండూ ఒకటే పదార్థం కాకపోయినా, రెండవది మొదటిదాని వలన వచ్చినది కనుక దోషం తప్పదు. ఇక్కడ "అదే" అన్నది పదార్థంలో దొరికే గుణంగా కాక, ఫలం ఎవరికి చెందుతుందన్న నిర్ణయంలో తప్పనిసరిగా ఒప్పుకోవలసిన సంబంధంగా కనిపిస్తుంది. రెండవసారి ఎగిరిన నౌకను అదే అనడానికి అసలైన ఆధారం ఇదే. తొలి ప్రయాణంలో ప్రయోగవేళ కలిగిన కంపనం, కక్ష్యలో ఎండకూ నీడకూ పదే పదే వేడెక్కి చల్లబడటం, తిరుగుదారిలోని వేడి, నీటిని తాకినప్పటి దెబ్బ, ఉప్పు, ఇవన్నీ లోహంలో అలసటగా నిలిచిపోతాయి. ఆ అలసటకు దర్శనభాషలో సంస్కారమనే పేరు చక్కగా సరిపోతుంది. పూర్వానుభవం కంటికి కనబడకుండా మిగిలి, తగిన సందర్భంలో ఫలమిచ్చే ముద్రను సంస్కారం అంటారు. ఆ ముద్రలను లెక్కపెట్టి, రాసిపెట్టి, వాటికి తాము జవాబుదారులమని నిర్మాతలు ఒప్పుకొన్నప్పుడే అదే నౌక అన్న మాటకు అర్థం ఏర్పడుతుంది.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో రెండవ తరం సరకు డ్రాగన్లు చూపుతాయి. 2020 డిసెంబరులో మొదలైన ఈ తరంలో సీ208 అనే నౌక 2024 నవంబరు నాటికి ఐదుసార్లు కేంద్రానికి వెళ్లింది. ఈ నౌకలను మొదట ఐదు ప్రయాణాలకు యోగ్యమైనవిగా ధ్రువీకరించి, ఆ హద్దును పెంచడానికి ఒక్కొక్క భాగాన్నీ విడివిడిగా పరిశీలిస్తూ వచ్చారు. తొట్టికి ఒక ఆయుష్షు, కవాటానికి మరొకటి, కవచానికి ఇంకొకటి. నౌక మొత్తానికి ఒకే వయస్సు లేదని, ప్రతి అవయవమూ తన గతాన్ని తానే మోస్తున్నదని ఈ పద్ధతి అంగీకరిస్తుంది. అవయవిని తిరస్కరించి అవయవాలను మాత్రమే గుర్తించిన బౌద్ధ వైఖరి ఇంజనీర్ల దస్త్రాలలో ఇంత సహజంగా కనిపించడం ఆలోచింపదగినది.

నాగార్జునుని దగ్గరకు వస్తే ఈ వాదం మరింత లోతుకు పోతుంది. మూలమధ్యమకకారికలో అగ్నినీ ఇంధనాన్నీ పరీక్షించే అధ్యాయం ఒకటి ఉన్నది. అగ్ని ఇంధనమే అనలేము, ఇంధనానికి వేరు అనీ అనలేము, ఒకదాని నిలకడ మరొకదానిని ఆశ్రయించి ఉన్నదని దాని సారాంశం. ఈ ఆచార్యుడు చివరి కాలాన్ని శ్రీపర్వతం మీద గడిపాడని సంప్రదాయం చెబుతుంది, కృష్ణాతీరంలోని నాగార్జునకొండకు ఆయన పేరు ఆ సంప్రదాయం వలననే వచ్చింది. చరిత్రకారులందరూ దీన్ని అంగీకరించకపోయినా, అక్కడ జరిగిన మరో సంగతి మాత్రం నిస్సందేహమైనది, ప్రస్తుత విషయానికి సన్నిహితమైనది కూడా. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నెలకొన్న ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ విస్తారంగా తవ్వకాలు జరిపింది; బయటపడిన కట్టడాల్లో కొన్నిటిని విప్పి, తరలించి, ఇప్పుడు ద్వీపంగా మారిన కొండమీదా, అనుపు అనే చోటా తిరిగి నిర్మించారు. ఆ ఇటుకలు పాతవి, కూర్పు పాతది. చోటు కొత్తది, కాలి కింద నేల కొత్తది, ఒక విహారం నుంచి మరో విహారానికి ఉండిన దూరాలు పోయాయి. వాటిని అసలు కట్టడాలు అనడం అబద్ధం కాదు, తరలించిన సంగతిని కలిపి చెప్పినంతకాలం. ఆ సంగతిని దాచి చెబితే అదే ఇటుకల గురించి చెప్పిన అదే మాట అబద్ధమవుతుంది. ఏకత్వానికి పదార్థం కన్నా చరిత్ర పట్ల నిజాయితీయే ముఖ్యమైన అంగమని దీనివలన తెలుస్తున్నది.

ఈ నిజాయితీ లోపిస్తే ఏమవుతుందో అంతరిక్షయాన చరిత్రలో అత్యంత బాధాకరమైన రీతిలో వెల్లడైనది. మళ్లీ మళ్లీ వాడే నౌకల్లో మొదటి గొప్ప ప్రయత్నం స్పేస్ షటిల్. వాటిలో కక్ష్యకు వెళ్లిన మొదటిదైన కొలంబియా తన 28వ ప్రయాణం ముగించుకొని వస్తూ 2003 ఫిబ్రవరి 1న వాతావరణంలో ముక్కలైపోయింది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ప్రయోగవేళ బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్క అంచును పగలగొట్టడం దానికి భౌతిక కారణం. అయితే అంతకుముందు ప్రయాణాల్లో కూడా ఫోమ్ ఊడి తగులుతూనే వచ్చిందనీ, ప్రతిసారీ నౌక క్షేమంగా తిరిగిరావడంతో దాన్ని ప్రమాదసూచనగా కాక బాగుచేతల పనిగా భావించే అలవాటు స్థిరపడిందనీ విచారణ సంఘం తేల్చింది. క్షేమంగా తిరిగిరావడమే ఇక్కడ మోసం చేసింది. నౌక తిరిగివచ్చిన ప్రతిసారీ దాని గాయం కూడా తిరిగివచ్చింది. నౌకను అదే అని లెక్కించినవారు గాయాన్ని మాత్రం ఆ లెక్కలో వేయలేదు. ఒప్పుకోనంత మాత్రాన కర్మ ఫలించకుండా పోదన్న పూర్వుల మాటను భయపెట్టే ఉపదేశంగా తీసుకోనవసరం లేదు. ఇంత స్పష్టమైన కార్యకారణ సత్యంగా కూడా దాన్ని చదువుకోవచ్చు.

ఇక్కడ ఒక సులువైన పోలికను నిరాకరించవలసి ఉన్నది. పునర్వినియోగమనగానే పునర్జన్మ గుర్తుకురావడం సహజమే గాని, రెంటి స్వభావమూ తలకిందులు. పునర్జన్మను అంగీకరించిన దర్శనాలన్నిటిలో శరీరం ఇక్కడే రాలిపోతుంది. ముందుకు సాగేది కర్మ, వాసన, సూక్ష్మశరీరం, లేదా బౌద్ధుల మాటలో విజ్ఞాన సంతానం. మళ్లీ ఎగిరే నౌకలో సాగేది శరీరమే. అద్వైతులు "ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు" అన్న వాక్యాన్ని వివరించినప్పుడు అప్పటి కాలం, అప్పటి చోటు, ఇప్పటి కాలం, ఇప్పటి చోటు అనే భేదాలను విడిచిపెట్టి, మిగిలిన వ్యక్తిని మాత్రమే గ్రహించాలన్నారు. దీనికి భాగత్యాగలక్షణ అని పేరు, జీవబ్రహ్మల ఐక్యాన్ని బోధించే వాక్యానికి అర్థం చెప్పడానికి వారు ఎంచుకొన్న మార్గం ఇది. ఆత్మ విషయంలో ఆ మార్గం ఎంత ఉన్నతమైనదైనా నౌక విషయంలో ప్రమాదకరం. నౌక చుట్టూ చేరిన కాలాన్నీ చోటునూ వదిలేస్తే మిగిలేది నిర్వికారమైన సాక్షి కాదు, కాగితం మీద ఒక క్రమసంఖ్య మాత్రమే. యంత్రానికి దాని ఉపాధులే, అంటే చుట్టూ చేరిన ఆ కాలమూ చోటే, సర్వస్వం; వాటిలో అది పడిన బాధలే దాని స్వరూపం.

పునర్జన్మకు నిజంగా దగ్గరైన సంగతి మరో చోట ఉన్నది. 2015 జూన్ 28న కేంద్రానికి సరకుతో బయలుదేరిన ఒక డ్రాగన్ కక్ష్యకు చేరలేదు. రాకెట్టు రెండవ దశలో హీలియం సీసాను పట్టి ఉంచే ఊతకడ్డీ విరగడంతో, ఎగిరిన 139 సెకన్లకు రాకెట్టు విచ్ఛిన్నమైనది. పైనున్న డ్రాగన్ ఆ విస్ఫోటంలో బయటపడి, కొంతసేపు సమాచారం పంపుతూనే కిందికి వచ్చింది. కాని ఆ దశలో పారాచూట్లు తెరవాలన్న ఆజ్ఞ దాని కంప్యూటరులో లేకపోవడం వలన సముద్రంలో పడి నాశనమైపోయింది. తరువాత వెళ్లిన డ్రాగన్లలో ఆ ఆజ్ఞను చేర్చారు. పోయిన నౌక నుంచి ఒక్క మర కూడా తరువాతి నౌకకు చేరలేదు, అయినా దాని నాశనంలో తెలిసినది తరువాతి నౌకకు రక్షణగా మారింది. ఏదీ ఒక చోటి నుంచి మరో చోటికి పోకుండానే పునర్జన్మ ఎలా జరుగుతుందని మిలిందుడు అడిగినప్పుడు, ఒక దీపం నుంచి మరో దీపాన్ని వెలిగించడాన్ని నాగసేనుడు చూపాడు. ఆ సమాధానానికి నౌకల చరిత్రలో ఉదాహరణ వెదికితే, బాగుచేసి మళ్లీ పంపిన సీ106 కంటే ఎన్నటికీ తిరిగిరాని ఈ నౌకే సరిగా ఒప్పుతుంది.

తిరిగిరాని నౌకల పట్ల చిన్నచూపు తగదు. 1978 జనవరిలో సాల్యూట్ 6 అనే పాత అంతరిక్ష కేంద్రానికి మొదటిసారి వెళ్లిన రష్యా ప్రొగ్రెస్ నౌకలు ఇప్పటికీ అదే పద్ధతిలో వెళ్లి కాలిపోతున్నాయి. ఐరోపా, జపాన్ దేశాలు పంపిన నౌకలూ ఆ దారినే పోయాయి. అమెరికా వారి సిగ్నస్ నౌకలకు ఒక ఆచారం ఉన్నది. ప్రతి నౌకకూ మానవ అంతరిక్షయానానికి సేవచేసి గతించిన వ్యక్తి పేరు పెడతారు. 2020 అక్టోబరులో బయలుదేరిన సిగ్నస్ పేరు ఎస్.ఎస్. కల్పనా చావ్లా. అది మూడు నెలలు కేంద్రంలో ఉండి, 2021 జనవరిలో చెత్తతో నిండి వాతావరణంలో కాలిపోయింది. ఆమె ప్రాణం పోయిన చోటనే ఆమె పేరు పెట్టుకొన్న నౌక నిర్ణయించిన ప్రకారం దగ్ధమవడం కొందరికి కఠినంగా తోచవచ్చు. కాని ఆ నౌక మోసుకువెళ్లిన సరకుతో కేంద్రంలోని మనుషులు బతికారు, పనిచేశారు. మోయవలసినది మోసి ఇచ్చిన తరువాతనే అది దగ్ధమైనది. పేరు అక్కడ అలంకారంగా మిగలలేదు, ఒక ప్రయాణపు పూర్తి పనిని తనతో కట్టుకొన్నది. మళ్లీ మళ్లీ వెళ్లే సరకు డ్రాగన్లకు పేర్లు లేవు, సంఖ్యలే ఉన్నాయి. మనుషులను తీసుకువెళ్లే డ్రాగన్లకే వాటిలో ప్రయాణించేవారు పేర్లు పెడతారు. సరకు నౌకల మట్టుకు ఒకేసారి జీవించేదానికి నామం, తిరిగి తిరిగి వచ్చేదానికి లెక్క అవసరమవుతున్నాయని దీన్ని చూస్తే అనిపిస్తుంది. నామరూపాలను గురించి ఇంత లోతుగా తర్కించిన సంప్రదాయానికి ఈ విభజన పరాయిది కాదు.

సరకు అందుకొనే కేంద్రం కూడా స్థిరమైన వస్తువేమీ కాదు. 1998 నవంబరులో మొదటి భాగం కక్ష్యకు చేరిన నాటి నుంచి అది పెరుగుతూ, మారుతూ వచ్చింది. దాని పాత నికెల్ హైడ్రోజన్ బ్యాటరీల స్థానంలో జపాన్ నౌకలు తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాయి; 2021 నుంచి డ్రాగన్ ట్రంకుల్లో చుట్టలుగా వచ్చిన సౌరఫలకాలను పాత ఫలకాల ముందు విప్పి అమర్చారు. లోపలివారి మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ శుద్ధి అయి తిరిగి తాగునీరవుతాయి, నీటిలో 98 శాతాన్ని ఇలా తిరిగి పొందగలిగినట్లు 2023లో నాసా ప్రకటించింది. 2000 నవంబరు 2 నుంచి ఒక్క రోజు కూడా మనుషులు లేకుండా లేని ఆ ఇంట్లో మనుషులు మారారు, నీరు మారింది, విద్యుత్తు మూలం మారింది. మారనివాటిలో రష్యా భాగమైన జ్వెజ్దా లోహపు గోడ ఒకటి. దాని సొరంగమార్గంలో 2019 నుంచి సన్నని పగుళ్ల గుండా గాలి లీకవుతూ వచ్చింది. కేంద్రాన్ని అదే కేంద్రం అనడానికి చెప్పగల కారణాల్లో ఆ పగుళ్లు కూడా ఉన్నాయి.

ఆ కేంద్రాన్ని విప్పి భూమికి తేవడం, మరింత ఎత్తైన కక్ష్యలో భద్రపరచడం వంటి మార్గాలను నాసా పరిశీలించి, అవి సాధ్యం కావని నిర్ణయించి, ఈ దశాబ్దం ముగిసిన తరువాత సముద్రంలో జనసంచారం లేని చోట దించాలని తలపెట్టింది. అందుకు కావలసిన నౌకను నిర్మించే పనిని 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కు అప్పగించింది. డ్రాగన్ రూపకల్పన నుంచి పుట్టే ఆ నౌకకు తిరుగు ప్రయాణం ఉండదు. 400 టన్నులకు పైబడిన కేంద్రాన్ని కిందికి తోసి, దానితోపాటే అదీ విచ్ఛిన్నమవుతుంది. 2024 నవంబరు 8న, ఐదవ ప్రయాణంలో ఉన్న సీ208 తన ఇంజన్లను సుమారు 12 నిమిషాలు మండించి కేంద్రపు కక్ష్యను కొద్దిగా పైకెత్తింది. కేంద్రాన్ని ఒక డ్రాగన్ అలా నెట్టడం అదే మొదలు. నౌక ఎంత బలంగా తోస్తే ఆ భారీ నిర్మాణం ఎలా స్పందిస్తుందో నాడు సేకరించిన కొలతలను, కేంద్రాన్ని దించబోయే నౌక రూపకల్పనలో వాడుకొంటున్నారు.